నవలల బాకీలు

బాన్సువాడలో రిటైరైన తెలుగు పంతులు ఇంటికి వచ్చేవాళ్లు రెండు రకాలు. పుట్టిన బిడ్డకు పేరు అడగడానికి వచ్చేవాళ్లు కొందరు, పీహెచ్‌డీ పని మీద వచ్చేవాళ్లు కొందరు. రెండోవాళ్ల సంచిలో ఒక పట్టిక ఉంటుంది. ఒక గడిలో నవలాకారుడి పేరు, పక్క గడిలో ‘ఎవరి ప్రభావం’. ఆ పక్క గడి నింపి ఇమ్మంటారు. చాయ్ చల్లారేలోపు నింపవచ్చు. నింపితే వాళ్లు సంతోషంగా బస్సెక్కి పోతారు, నవల మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

అందుకని వచ్చినవాళ్లకు నోటితో చెప్పేది ఒకచోట రాస్తున్నాను. నంబర్లు వేసింది మీరు వెతుక్కోవడానికి. అన్నీ ఒకే కొలతతో ఉండవు.

1. ముందు మనుషుల సంబంధం పట్టుకోండి.

నిజామాబాద్ ఖిల్లా మీద జైలు ఉండేది. పోలీసు చర్యకు ముందు రోజుల్లో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి అందులో ఒకేచోట ఖైదీలు. ఆ గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి మా పాత నిజామాబాద్ జిల్లాలో బడిపిల్లలు కూడా చెప్తారు. తర్వాత దాశరథి ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. సభల్లో మాట్లాడేవాళ్లు ఇక్కడిదాకా వచ్చి ఆగుతారు. నవల చదివేవాడికి అసలు కథ ఇక్కడే మొదలు.

ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టాడు. చిన్నతనంలో ఇళ్లలో వంట చేశాడు, హోటల్లో పనిచేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చువేసి, వాటిని మోసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. జైళ్లు చూశాడు. ‘ప్రజల మనిషి’ రాశాడు. ‘గంగు’ మొదలుపెట్టాడు, పూర్తికాలేదు. 1961 ఫిబ్రవరిలో, యాభయ్యేళ్లు కూడా నిండకుండానే పోయాడు. సగంలో ఆగిన ‘గంగు’ ఆయన పోయిన తర్వాత అచ్చయింది.

దాశరథి తమ్ముడు రంగాచార్య. అన్నకు జైలు సోపతి అయిన మనిషి తనకూ పెద్దదిక్కే కదా. తెలంగాణ బతుకును వరుసగా నవలల్లో చెప్పాలని ఆళ్వారుస్వామి అనుకున్నాడని, ఆ పని నడిమిట్ల ఆగిందని, దాన్ని తాను ఎత్తుకుంటున్నానని రంగాచార్య దాచకుండా చెప్పుకున్నాడు. అట్ల వచ్చినవే ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’.

దీన్ని పట్టికలో ఏ గడిలో రాస్తారు? శైలి పోలిందా అంటే పెద్దగా పోలలేదు. పాత్రలు తీసుకున్నాడా అంటే లేదు. తీసుకున్నది బాకీ. చనిపోయిన మనిషి తీర్చకుండా మిగిలిపోయిన బాకీని, తనది కానిదాన్ని, తలమీద వేసుకోవడం. ప్రభావం అనే మాటకు తెలుగు నవలలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు కనబడలేదు. విమర్శకులు దీన్ని రెండు వాక్యాల్లో తేల్చేస్తారు, అది నాకు గిట్టదు.

2. బతుకులో ఉన్నదాన్ని పుస్తకం ఖాతాలో రాయొద్దు.

‘ప్రజల మనిషి’లో దొర ఉన్నాడు. ‘చిల్లర దేవుళ్లు’లో దేశ్‌ముఖ్ ఉన్నాడు. అల్లం రాజయ్య ‘కొలిమి అంటుకున్నది’లో కూడా దొరే. మూడింట్లో వెట్టి ఉంది, గడి ఉంది. ఒక అమ్మాయి వీటన్నిటినీ వరుసగా రాసుకొచ్చి, ‘సార్, ఇది వట్టికోట ప్రభావం’ అన్నది. బిడ్డా, గడి కోసం ఎవరూ గ్రంథాలయానికి పోనక్కర్లేదు. ఈ చుట్టుపక్కల ఏ ఊరి ముసలమ్మను అడిగినా దొరవారి గడి ఎక్కడుండేదో చెయ్యి చూపించి చెప్తది. వెట్టి సంగతి రంగాచార్యకు నవల చదివి తెలియాల్సిన పని లేదు, రాజయ్యకు అంతకంటే లేదు.

మరి పుస్తకం నుంచి వచ్చింది ఏదని ఎట్ల తెలుస్తుంది? నేను చూసేది ఒకటే. వస్తువు పోలితే వదిలేయండి, అమరిక పోలితే ఆగండి. కథను ఎవరి కండ్లతో చూపించాడు, ఎక్కడ మొదలుపెట్టాడు, ఎంత కాలాన్ని పట్టుకున్నాడు, ఊరి మాటను సంభాషణ దాకే రానిచ్చాడా, కథనంలోకి కూడా రానిచ్చాడా — ఇవి బతుకు నుంచి వచ్చేవి కావు. ఇవి చదువు నుంచి వస్తాయి.

‘చిల్లర దేవుళ్లు’నే చూడండి. ఆంధ్ర ప్రాంతం నుంచి పాణి అనే సంగీతకారుడు బతుకుదెరువు కోసం ఆ ఊరికి వస్తాడు. ఊళ్లో పుట్టినవాళ్లకు అలవాటై కనబడనిది కొత్తగా వచ్చినవాడికి కనబడుతుంది. దొర ఇంట్లో దాసిగా ఆడబాప ఉండటం ఊరివాళ్లకు వింత కాదు, పాణికి వింత. పాఠకుడు పాణి పక్కన నిలబడి చూస్తాడు. ‘ప్రజల మనిషి’లో కంఠీరవం అట్ల కాదు, ఆ ఊరి మట్టిలోనే పెరిగి ఉద్యమంలోకి నడిచినవాడు. ఒకరు లోపలి నుంచి చెప్పిన ఊరును ఇంకొకరు బయటి కన్నుతో చెప్పారు. బాకీ ఎత్తుకున్న మనిషి పద్ధతి మాత్రం తనదే పెట్టుకున్నాడని నాకు ఇక్కడే తెలిసింది. మీరు రాయాల్సింది ఈ తేడా గురించి.

3. పోట్లాట కూడా చుట్టరికమే.

చలం ‘మైదానం’ వచ్చింది 1920ల చివర. రాజేశ్వరి భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోతుంది. దానికి విశ్వనాథ సత్యనారాయణ ‘చెలియలికట్ట’ జవాబు అని చదివినవాళ్లందరూ అంటారు, నేనూ అంటాను. అక్కడా ఒక స్త్రీ గడప దాటుతుంది. చలం ఆ దాటడంలో ప్రాణం చూశాడు, విశ్వనాథ దాని చివర సముద్రాన్ని పెట్టాడు. ఒకరినొకరు ఒప్పుకోని ఇద్దరు ఒకే ప్రశ్న మీద కూర్చున్నారు. ఓల్గా ‘స్వేచ్ఛ’ 1987లో వచ్చేసరికి అరుణ ఎవరితోనూ లేచిపోదు. కోరి చేసుకున్న పెళ్లిలోనే ఊపిరి ఆడటం లేదని గుర్తిస్తుంది. ప్రశ్న అదే, గడప మారింది.

విశ్వనాథ మీద చలం ప్రభావం ఉందని సభలో అంటే ఇద్దరి అభిమానులూ మీద పడతారు. అయినా అనండి. ఎదుటి పుస్తకం లేకపోతే రాని పుస్తకానికి ఆ ఎదుటి పుస్తకమే కారణం.

4. డిచ్‌పల్లి డాక్టరు సంగతి.

ఇది మా పాత జిల్లా పాఠం కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

కేశవరెడ్డి చిత్తూరు జిల్లా మనిషి. 1946లో పుట్టాడు, 2015లో నిజామాబాద్‌లో పోయాడు. మధ్యలో ఏండ్ల తరబడి డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రిలో డాక్టరు. బాన్సువాడ నుంచి నిజామాబాద్ దారి పట్టి, అది దాటి ఇంకొంచెం పోతే డిచ్‌పల్లి. మా వైపు నుంచి రోగులు అక్కడికి పోయేవాళ్లు. వాళ్లలో చాలామందికి ఆ డాక్టరు నవలలు రాస్తాడని తెలియదు. తెలుగు పంతుళ్లలో కూడా కొందరికి తెలియదు, అది వేరే సంగతి.

ఆయన నవలలు తెరిస్తే నిజామాబాద్ జిల్లా కనబడదు. మంజీర లేదు, నిజాంసాగర్ కాలువ లేదు, మా మాట లేదు. అంతా చిత్తూరు సీమ పల్లె, అక్కడి మాట, అక్కడి అడవి. ‘స్మశానం దున్నేరు’, ‘మూగవాని పిల్లనగ్రోవి’, ‘చివరి గుడిసె’, ‘మునెమ్మ’, ఏది తీసినా అంతే. రచయిత ఉన్న ఊరు వేరు, రాసే ఊరు వేరు. రచయిత చిరునామా చూసి నవలకు ప్రాంతం అంటగట్టేవాళ్లకు కేశవరెడ్డిని చూపిస్తుంటాను.

ఇక ‘అతడు అడవిని జయించాడు’. దీన్ని ముట్టుకున్నవాళ్లంతా హెమింగ్వే ‘ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ’ పేరు చెప్తారు. 1952లో వచ్చిన పుస్తకం అది. హెమింగ్వే మీద ఇష్టాన్ని కేశవరెడ్డి ఎన్నడూ దాచుకోలేదు. పోలికలు బారెడు ఉన్నాయి. ఒక ముసలివాడు, ఒంటరితనం, ప్రకృతితో పెనుగులాట, తనతో తానే మాట్లాడుకోవడం, కొద్దిపాటి కాలం, చిన్న నవల. పట్టిక నిండిపోతుంది. మా పిల్లలు ఇక్కడే పెన్ను మూత పెట్టేస్తారు.

నేనైతే పెన్ను తీయమనేది ఇక్కడే. హెమింగ్వే ముసలివాడు చేపను చంపడానికి సముద్రం మీదికి పోతాడు. ఆ చేపను గౌరవిస్తాడు, అన్నా అంటాడు, అయినా చంపడమే పని. మన ముసలివాడు ఈతకొచ్చిన తన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. కాపాడటం ఆయన పని. అడవిలో ఈనిన పందిని, పిల్లలను నక్కల నోట పడకుండా చూసుకోవాలి. ఇంతా చేస్తే, పిల్లల్ని కన్న ఆ తల్లి సాకినవాణ్నే దగ్గరికి రానివ్వదు. సముద్రంలో చేప ముసలివాడికి ఏమీ కాదు. ఇక్కడ ఎదురు తిరిగింది ఇంటి పంది, చేత్తో మేపినది. కథ ఎముకలు ఒకటే, దుఃఖం వేరు. పందుల్ని మేపి బతికే మనిషిని నవల నడిబొడ్డున నిలబెట్టి, ఆయనకు సముద్రంతో పోరాడే వీరుడికి ఇచ్చినంత గౌరవం ఇవ్వడానికి హెమింగ్వే అమరిక పనికొచ్చింది. ఆ మనిషిని మాత్రం హెమింగ్వే ఇవ్వలేదు. ఇంకొక సంగతి, హెమింగ్వే ముసలివాడికి పేరుంది, మన ముసలివాడికి లేదు. ఎందుకు లేదో ఆలోచించి ఒక అధ్యాయం రాయండి, నేను చదువుతాను.

5. ఇంగ్లిష్ పేరు దొరకగానే ఇంటి పెద్దలను మరచిపోవద్దు.

నవీన్ ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీలో రవి అనే విద్యార్థి ఒక్కరోజు బతుకు, తెల్లవారి నుంచి రాత్రి దాకా, మనసులో ఏది పారితే అది. జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ 1922లో వచ్చింది, డబ్లిన్‌లో ఒక్కరోజు. సంబంధం బహిరంగమే, నవీన్ కూడా చెప్పుకున్నదే. కానీ రవి కంటే ముందు గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు ఉన్నాడు, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి ఉన్నాడు. తన మనసును తానే తవ్వుకుంటూ కూలిపోయే తెలుగు యువకుణ్ని పాఠకుడికి అలవాటు చేసింది వాళ్లు. వాళ్లు దారి తీయకపోతే 1969లో తెలుగు పాఠకుడు రవిని రెండో పేజీ దాటనిచ్చేవాడా అని నా అనుమానం. వడ్డెర చండీదాస్ ‘అనుక్షణికం’ కూడా అదే ఉస్మానియా క్యాంపస్‌ను పట్టుకున్నది. ఒకే చెట్ల కింద నడిచిన రెండు నవలలు, రెండింటినీ కలిపి ఎవరైనా పని చేస్తే బాగుంటుంది.

ఇంకా పైకి పోతే భీష్ముడున్నాడు. అంపశయ్య ఎవరిదో తెలుగు పాఠకుడికి చెప్పాలా? బాణాల మీద పడుకున్న ముసలి యోధుడి పేరును హాస్టల్ గదిలో డబ్బు లేక నలిగే పిల్లవాడికి పెట్టాడు. ఆ పేరుతోనే జాయిస్ సగం వెనక్కి పోయి వ్యాసుడు ముందుకొచ్చాడు. మహీధర రామమోహనరావు కూడా ఇట్లాంటి పనే చేశాడు, ‘కొల్లాయి గట్టితేనేమి’ అనే పేరును బసవరాజు అప్పారావు గాంధీ పాట నుంచి తెచ్చుకున్నాడు. పేజీ తిప్పకముందే అట్టమీద ఇంకొకరి గొంతు వినబడుతుంది.

6. మొదటి నవలలోనే ఇదంతా ఉంది.

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో వివేకవర్ధనిలో మొదలై 1880లో పుస్తకమైంది. గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ దానికి వెనుక ఉన్నది, అది 1766 నాటిది. ఆ ఋణం సంగతి వీరేశలింగంగారే చెప్పుకున్నారు. కష్టాలపాలై తేరుకునే కుటుంబం అక్కడిది, మోసపోవడం మాత్రం మనది. బంగారం చేసిపెడతానన్న బైరాగిని నమ్మి ఉన్నది పోగొట్టుకోవడం ధవళేశ్వరంలోనే జరగాలి. 1887లో ఆ నవల ‘ఫార్చ్యూన్స్ వీల్’ అనే పేరుతో ఇంగ్లిష్‌లోకి పోయింది. అప్పు తెచ్చిన ఇంటికే మన సరుకు చేరింది.

ఇది మనకొక్కరికే జరిగిందని అనుకోవద్దు. దక్షిణాఫ్రికాలో సోల్ ప్లాత్యే అనే పెద్దమనిషి షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను తన సెత్స్వానా భాషలోకి తెచ్చి 1930లో అచ్చువేశాడు. అదే ఏడు ఆయన నవల ‘మ్హూది’ ఇంగ్లిష్‌లో వచ్చింది. అదే నాటకాన్ని మన వీరేశలింగం అంతకు ఎన్నో ఏండ్ల ముందే ‘చమత్కార రత్నావళి’గా చేశాడు. నవలలు రాసిన ఈ ఇద్దరు మనుషులూ ఒకే నాటకం మీద చెయ్యి తిప్పుకున్నారు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు విని ఉండరు.

7. పుస్తకం ఎట్ల చేరిందో అడగండి.

నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది. కాలువ కింద సాగు కోసం కోస్తా జిల్లాల రైతు కుటుంబాలు వచ్చి బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్ వైపు ఊళ్లు కట్టుకున్నాయి. వాటిని ఇప్పటికీ క్యాంపులనే అంటాం. ఆ ఇండ్లలో వారపత్రికల సీరియళ్లు కత్తిరించి కుట్టిన పుస్తకాలు నేను చూశాను. ఇటు మద్నూరు, జుక్కల్ వైపు పోతే మరాఠీ, కన్నడం. బజారులో ఉర్దూ. ఇట్లాంటి చోట ఒక పిల్లవాడు ఏం చదివి పెరిగాడో పట్టికలో పట్టదు.

మా తరం శరత్‌బాబును బెంగాలీవాడని నమ్మేది కాదు. చక్రపాణి లాంటివాళ్లు చేసిన అనువాదాలు అంత ఇంటివిగా ఉండేవి. గోర్కీ ‘అమ్మ’ క్రొవ్విడి లింగరాజు తెలుగులో చేరింది. కాబట్టి తెలుగు రచయిత మీద శరత్ ప్రభావం అని రాసేముందు, అది శరత్‌దా, చక్రపాణి తెలుగుదా అని అడగండి. చాలాసార్లు రెండోదే.

8. ఒక్కటి పట్టుకొని రెండోది వదిలేసేవాళ్లు.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ని తక్కువ చేసి మాట్లాడటం పండితుల అలవాటు. నేను ఆ గుంపులో లేను. జయంతి ఆత్మాభిమానం లేకపోతే రాజశేఖరం పెద్ద కారున్న మనిషి మాత్రమే. ‘సెక్రటరీ’ తర్వాత వచ్చిన అనుకరణలు కారును తీసుకున్నాయి, జయంతిని వదిలేశాయి. మంచి ప్రభావానికి, చెడ్డ ప్రభావానికి తేడా అడిగినవాళ్లకు ఇంతకంటే చెప్పేది లేదు.

9. ఆళ్వారుస్వామి, రంగాచార్య నవలలు చదివే వరుస.

అచ్చయిన సంవత్సరాల ప్రకారం చదివితే ‘ప్రజల మనిషి’ ముందు, ‘గంగు’ తర్వాత, 1969 నాటి ‘చిల్లర దేవుళ్లు’ మూడోది. కథా కాలం ప్రకారమైతే ‘చిల్లర దేవుళ్లు’ ముందుకు పోతుంది. ఆంధ్ర మహాసభ గాలి ఇంకా తగలని ఊరు అది. 1930లో జోగిపేటలో మొదలైన మహాసభ 1937లో మా నిజామాబాద్‌లో జరిగింది. ఊళ్లలో గొంతు లేచింది ఆ తర్వాతే. ఆళ్వారుస్వామి మొదలుపెట్టినదానికి ముందు ఏముండెనో చెప్పకపోతే ఆయన కథ అర్థం కాదని రంగాచార్య వెనక్కి పోయి పునాది తవ్వాడు. ఆ తర్వాత ‘ప్రజల మనిషి’, ‘గంగు’. ‘గంగు’ ఆగిన తర్వాతి కాలానికి ‘మోదుగుపూలు’, సాయుధ పోరాటం దాటి ‘జనపదం’. ఇద్దరు రాసిన ఐదు పుస్తకాలు ఒక్క మనిషి రాసిన వరుసలో కూర్చుంటాయి.

కొందరు ప్రొఫెసర్లు అచ్చు వరుసనే పట్టుకోమంటారు, రచయిత ఎదుగుదల తెలుస్తుందని. వాళ్ల మాటా సరే. మీరు రెండు వరుసల్లోనూ చదవండి. ముందు కథా కాలం వరుసలో, నోట్సు రాయకుండా. ‘గంగు’ చివరి పేజీ దగ్గర మాత్రం ఒక పూట ఆగి, తర్వాత ఏం జరగాలో మీకు తోచింది రాసుకొని, అప్పుడు ‘మోదుగుపూలు’ తెరవండి. ఆ కాగితం మీతోపాటు తీసుకొస్తే బాన్సువాడ దాకా వచ్చినందుకు మాట్లాడుకోవడానికి మనకు ఏదైనా ఉంటుంది. పట్టిక తేవొద్దు.